వేరు కుంపట్లు

తార్తూలో ఫిబ్రవరి.
నది గడ్డకట్టి, ఉతికి ఆరేసిన దుప్పటిలా పడి ఉంది.
బల్ల మీద నూట పదకొండు పేర్ల జాబితా,
అడుగున మడ్డి మిగిలిన కాఫీ.
వీళ్ళందర్నీ ఎక్కడ కాపురం పెట్టించాలి?

ఇన్నేళ్ళూ ఉమ్మడి కాపురమే. ఒకటే సర్వర్.
తేనె అమ్మే హిల్లార్, పళ్ళ డాక్టర్ మారిత్,
మంగళవారాల్లో మాత్రమే పాడే ఆడవాళ్ళ బృందం,
అంత్యక్రియల సంస్థ, పిల్లుల ఆశ్రమం,
పియానోలు శ్రుతి చేసే ఎల్మార్.
ఒకే పొయ్యి, ఒకే తాళంచెవి.
చవక. ఆ మాట కాదనను.
ఆ చవకే పదేళ్ళు నా అద్దె కట్టింది.

డిసెంబరులో ఎల్మార్ కిటికీ రెక్క ఊడింది.
ఆరేళ్ళుగా అప్‌డేట్ ఎరగని చిన్న ప్లగిన్.
దొంగ అందులోంచి దూరాడు.
గదికీ గదికీ మధ్య నేను గోడ కట్టలేదు కదా,
తెల్లారేసరికి ఇల్లంతా వాడిదే.
తేనె పేజీలో బూట్లు. పిల్లుల పేజీలో బూట్లు.
అంత్యక్రియల వేళలు ఉండాల్సిన చోట
సగం ధరకే బూట్లు.

ఓ ముసలావిడ ఫోన్ చేసింది. తిట్టలేదు.
"మా అక్కని ఎన్నింటికి సాగనంపుతున్నారమ్మా?"
నా దగ్గర అందరి పాస్‌వర్డులూ ఉన్నాయి.
ఆ జవాబు లేదు.

తానెల్ కుర్రాడు. వైట్‌బోర్డు నిండా పెట్టెలు గీశాడు,
పెట్టెల్లోంచి బాణాలు, బాణాల మీద మేఘం.
"ఒకటి కూలితే ఇంకొకటి దానంతటదే లేస్తుంది, ఉర్వె."
లేస్తుంది, సరే.
నువ్వు సెలవులో ఉన్నప్పుడు
లేవనిదాన్ని ఎవరు లేపుతారు?
వాడు మార్కర్‌కి మూత పెట్టాడు.

పోనీ, వేరు కుంపట్లు పెట్టిస్తే?
నూట పదకొండు యంత్రాలు, నూట పదకొండు బిల్లులు,
నిద్ర లేని అప్‌డేట్ రాత్రులు.
హిల్లార్ నెలకి ఇచ్చేది ఆరు యూరోలు,
అదీ ఒక్కోసారి తేనె రూపంలో.

సాయంత్రం నడిచే ఇంటికెళ్ళాను.
అన్నెలిన్ కాంక్రీటు బ్లాకులు: అన్నిటికీ కలిపి ఒకే బాయిలరు,
గొట్టం పగిలితే తొమ్మిది అంతస్తులూ
కోట్లు తొడుక్కుని పడుకుంటాయి.
నది ఇవతల, సుపిలిన్‌లో, మా చెక్క ఇల్లు:
నాలుగు వాటాలు, నాలుగు పొయ్యిలు,
పైన ఒకటే పొగగొట్టం.
పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాను ఆ పొగని.
చూడ్డమే గానీ, అడిగిందెప్పుడు?

సరే. నాలుగు గట్టి యంత్రాలు చాలు.
లోపల ఎవరి గది వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది,
ఒకరి కట్టెలు ఇంకొకరి కంటబడవు.
పొగగొట్టం ఊడ్చే పని నాది, అందరికీ కలిపి ఒకేసారి.
బ్యాకప్ మాత్రం వేరే ఊళ్ళో.
ఇల్లు కాలితే దాని నకలు అదే అటక మీద ఉండకూడదు.
అంత్యక్రియల సంస్థకి విడి ఇల్లు. ఎక్కువ అడగను.
తానెల్ పెట్టెల్లో రెండు ఉంచాను,
వాడి మొహం చూడలేక.

మిగిలింది ఎల్మార్.
ఫోన్ చేస్తే కూతురు ఎత్తింది. ఆయన పోయి నాలుగేళ్ళట.
నెలనెలా ఆరు యూరోలు పంపుతున్నది ఆవిడే.
"తీసేయమంటారా?"
"నాన్న ఫోటో ఉంది అందులో," అంది, అంతే.

ఆ రాత్రి ప్లగిన్లన్నీ పీకేశాను. డేటాబేస్ కూడా.
మిగిలినవి మూడు ఉత్త పుటలు.
తలుపూ లేదు, గడియా లేదు,
దొంగకి విరగ్గొట్టేందుకు ఏమీ లేదు.
పాత ధరల పట్టిక, చిరునామా,
చెవి పక్కన శ్రుతిదండం పట్టుకుని
ఏదో వింటున్న మనిషి.