అద్దె ఒక్కడిదే

మంచు కురిసే ఒతారులో
చేపల సంత నుంచి ఇల్లు చేరతాడు హరునోబు,
జేబులో కీరదోసకాయతో.

స్నానాల తొట్టి కప్పాది.
కప్ప కాదు, కప్పా. దీర్ఘం మరిస్తే అలుగుతాడు.
నడినెత్తి గుంటలో నీళ్లున్నంతసేపే వాడి ప్రాణం.
మూలన ఒంటికన్ను గొడుగు;
వానలోకి మాత్రం రాదు, జలుబట.

"ఒక్కడివేగా, గుమ్మంలో ఇన్ని తడి అడుగులేం?"
అంటుంది ఇంటావిడ.
"చుట్టాలండీ."
చెవులు ఎర్రబడతాయి.

మొన్న జ్వరంతో మూడ్రోజులు లేవలేదు.
తెల్లవారుజామున మెలకువొస్తే
నుదుట తడిగుడ్డ, ఏటి వాసన.
పక్కన కప్పా వణుకుతున్నాడు,
నెత్తిగుంట అడుగంటి.
కారుతున్న కప్పు కింద
వాళ్లిద్దరి మీదా విచ్చుకుని
తుమ్ముతోంది గొడుగు.

పాక్కుంటూ కుళాయి దాకా వెళ్లి
దోసిలి పట్టి
ముందు వాడి నెత్తిన పోశాడు.
తర్వాతే తను తాగాడు.