మూడో రంగు

తాసిల్దారు ఆఫీసు నుంచి కాయితం వచ్చింది.
"ఆగ్నేయ బంగాళాఖాతంలో ఏర్పడిన తీవ్ర వాయుగుండం
పశ్చిమ వాయవ్య దిశగా పయనించి..."
నోరు తిరగలేదు నాకు.
మైకు పట్టుకోని రెండు తూర్లు తడబడితే
ఆటో తోలే గురవడు నవ్వినాడు.
మూడో తూరి కాయితం మడిచి రొంట్లో దోపుకున్నా.

"అమ్మా, నాయనా, ఇనండి.
రేత్రికి కల్యాణి డ్యాము గేట్లు ఎత్తేస్తారంట.
యేట్లో దిగబాకండి.
గొర్రెల్ని మిట్టకు తోలుకోండి.
మాత్తర్లు, ఆధార్ కార్డులు కవర్లో చుట్టుకోండి.
బడిలో అన్నం వండిస్తా ఉండాం.
గోడ నానింటే దాని కింద పండుకోబాకండి.
నేను తలారి మొగిలమ్మని చెప్తా ఉండా."

గురవడు దాన్ని ఫోన్లో పట్టి మైకుకు తగిలించినాడు.
అప్పట్నుంచి నేను లేకపోయినా
నా గొంతు ఊరంతా తిరగతా ఉండాది.

కార్తీకం వస్తే మాకిదే కత.
రంగులు మూడు.
పసుపంటే గొడుగు మరిచిపోవద్దని.
నారింజంటే బడికి సెలవ, పిల్లోళ్ళకి ఇష్టమైన రంగు.
ఎరుపంటే నాకు నిద్ర లేదు.
పోయిన నెల రెండు తూర్లు ఎరుపన్నారు,
రెండు తూర్లూ వడియాలు ఎండేంత ఎండ కాసింది.
"ఏం మొగిలమ్మా, నీ తుపాను దారి తప్పి
మద్రాసు బస్సు ఎక్కేసిందా?"
అంగడి కాడ అందురూ అడిగేవాళ్ళే.
నేనేం చెప్పేది,
సముద్రం నాకు చెప్పి రాదు కదా.

నాకు తెలిసిన లెక్క ఒకటే.
వాన కాస్త తెరిపిస్తే కొండపక్క చూస్తా,
బండల మింద జారే తెల్ల గీతలు ఎన్నని.
నాలుగైతే యేరు పారతాది.
ఏడైతే యేరు మాట్లాడతాది.
ఆ పొద్దు తొమ్మిది లెక్కబెట్టినా,
పదోది లెక్కబెట్టేలోగా
కొండే కనపడకుండా పొయ్యింది.

బడిలో అరవై ఒక్కరు.
కన్నెమ్మవ్వ కొంగులో కోడిపెట్టను దాచుకోని వచ్చింది.
అది రాత్రంతా రేకుల మింద వానకు
బదులు చెప్తానే ఉండాది.

పాల చెంగల్రాయుడు మాత్రం రాలేదు.
తెల్లారుజామున నాలుగున్నరకి
అటు రెండు, ఇటు రెండు క్యాన్లు కట్టి
బండి కిక్కు కొడతా అన్నాడు:
"పాలకి నీ రంగులు తెలీవు వదినా,
ఆరు దాటితే ఇరిగిపోతాయి."
కాజ్‌వే మింద మోకాలి లోతే నీళ్ళని
ఎవురో చెప్పినారంట.
ఎవురి మోకాలో చెప్పలేదు.

మూడు క్యాన్లు తుమ్మ చెట్లకి తగులుకోని దొరికినాయి,
మూతలు బిగించినవి బిగించినట్టే.
తెరిచి చూస్తే పాలు ఇరగలేదు.
అంత చల్లగా ఉండాయి నీళ్ళు.
వాడు దొరికింది మూడోనాడు.

వాన పొయ్యినాక గాలి వచ్చింది,
ఎముకల్లో దూరే గాలి.
తడిసిన బొచ్చుతో పిల్లగొర్రెలు
నిలబడిన కాడే నిలబడి చచ్చిపోయినాయి.
ఎల్లప్ప మందలో పదకొండు.
దీనికేం రంగు అని అడిగినాడు.
కాయితమంతా ఎతికినా,
చలిగాలికి రంగు రాసి లేదు.

బ్లీచింగు మూటలు వేసుకోని పోతా
గురవడు ఏ మీట నొక్కినాడో,
చెంగల్రాయుడి ఈదిలోకి పోతానే
ఎత్తుకునింది నా గొంతు:
"యేట్లో దిగబాకండి..."
పరిగెత్తినా, ఆపరా, ఆపరా అని.
వాడి చేతులు వణికి
మీట దొరకలేదు.

దేవసేన గడప మింద నిలబడుండాది.
కడదాకా ఇనింది.
"ఇంకో తూరి పెట్టబ్బా" అనింది.

గురవడు నా మొగం చూసినాడు.
పెట్టినాడు.
యేరు, గొర్రెలు, కార్డులు, అన్నం,
గోడ కాడికి వచ్చేసరికి
ఆమె ఎనక్కి తిరిగి లోపలికి చూసింది.
నిద్రపోయే పిల్లోళ్ళ చాపని
రెండు చేతులా పట్టుకోని
నడింట్లోకి ఈడ్చుకునింది.