వంతు కారు

మా వీధి చివర, బట్టలుతికే షాపు పక్కన
ఒక తెల్ల కారు నిలబడి ఉంటుంది.
నాది కాదు.
నాది కాకుండానూ పోలేదు.
బ్రన్స్‌విక్‌లో ఈ నాలుగు సందుల్లో ఎంతమందిమో
దాని తాళం ఫోన్లలో పెట్టుకు తిరుగుతున్నాం.

ఎక్కగానే మొదటి పని
సీటు ముందుకి జరుపుకోవడం.
నాకు ముందు నడిపేవాడెవడో పొడుగు కాళ్లవాడు.
అతను వదిలిన అద్దంలో
నాకు కారు పైకప్పు తప్ప ఇంకేమీ కనపడదు.
కిందికి వంచుకుంటాను.
మళ్లీ వారానికి అది పైకి లేచి ఉంటుంది.
ఏడాదిగా ఒకరి చూపు ఒకరం దిద్దుకుంటున్నాం
మొహాలు తెలియకుండా.

సీటు సందులో ఒకసారి పసిపిల్ల మేజోడు,
ఒకసారి కొలతల టేపు,
జనవరిలో అయితే కాళ్ల కింద కరకరమని ఇసక.
ఎవరో సముద్రం చూసొచ్చారు,
దులపడం మర్చిపోయి
నాకూ కాస్త మిగిల్చారు.

టార్నీట్‌లో సత్యవేణక్క వాకిట్లో రెండు కార్లు.
"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్నారే" అంటుంది
గారెలు వడ్డిస్తూ.
గంటకి పదకొండు డాలర్లని నేను,
బీమా, టైర్లు, రిజిస్ట్రేషను కలిపి చూడక్కా అని నేను,
ఎనిమిదింటికి తిరిగి ఇచ్చెయ్యాలని గోడ గడియారం.
పెరుగన్నం కలపకుండానే లేచి
చెయ్యి కడుక్కున్న రాత్రులున్నాయి.
ఆ లెక్క నేను అక్కకి చెప్పలేదు.

ఇంకొకటీ చెప్పలేదు.
ఇందుజకి జ్వరం నూటనాలుగు దాటిన రాత్రి
ఫోనులో పటం నిండా కార్లే,
అన్నీ ఎవరెవరి వంతులోనో ఉన్నాయి.
కిటికీలోంచి చూస్తే మా తెల్ల కారు అక్కడే ఉంది,
మూడడుగుల్లో,
ఎవరో పొద్దున్నే వెళ్లడానికి ముందే రాయించుకున్న కారు,
తలుపు తియ్యదు.
టాక్సీ పద్దెనిమిది నిమిషాలకి వచ్చింది.
పదకొండుని దేనితో గుణిస్తే
ఆ పద్దెనిమిది వస్తుందో
నాకు ఇప్పటికీ తెలీదు.

అయినా నేను పుట్టింది కాలువ చివరి భూముల్లో.
వంతు నీళ్ల సంగతి నాకొకరు నేర్పక్కర్లేదు.
అర్ధరాత్రి రెండింటి నుంచి మూడింటి దాకా మా మడికి.
మూడవుతుండగా పక్క చేను మనిషి
పార భుజాన వేసుకుని గట్టు మీదికొచ్చి
ఒక్కసారి దగ్గేవాడు.
ఆ దగ్గుకి మా నాన్న మాట్లాడకుండా గండి పూడ్చేవాడు.
నీళ్లు ఎవరివీ కావు,
గంట మాత్రం ఎవరిది వాళ్లది.

మొన్న శనివారం
వెస్ట్‌గేట్ వంతెన మీద వాన, ట్రాఫిక్కు,
పందొమ్మిది నిమిషాలు ఆలస్యమైంది నాకు.
కారు ఆపే చోట
గొడుగు లేకుండా ఒక మనిషి,
చేతిలో పిల్లి బుట్ట,
బుట్ట మీద తన కోటు.
ఆ కాళ్లు చూడగానే తెలిసింది.
ఇన్నాళ్లూ "వాడు" అనుకున్నాను.
అరవై దాటిన ఆవిడ,
జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుంది.

పిల్లి ఏ డాక్టరు దగ్గరికో తెలీదు,
ఏ గంటకి రమ్మన్నారో తెలీదు.
నేను క్షమాపణలు రెండు భాషల్లో వెతుక్కుంటుంటే
ఆవిడ దగ్గలేదు కూడా.
లోపలికి వంగి చూసి,
"ఓ, ఆ అద్దం మీరేనా!" అంది.

మర్నాడు జరిమానా మెయిలొచ్చింది, కట్టేశాను.
పిల్లి ఎలా ఉందో చెప్పే మెయిలు
ఆ కంపెనీ పంపదు.

నిన్న మళ్లీ తీసుకున్నాను, బియ్యం బస్తా కోసం.
దిగే ముందు సీటు లీవరు పట్టుకుని
పూర్తిగా వెనక్కి తోశాను.
తర్వాతి వంతు ఆవిడదే అని ఏముంది?
టేపు పోగొట్టుకున్నవాళ్లదో,
మేజోడు పిల్ల తల్లిదో.
చేతిలో ఇంకా రెండు నిమిషాలున్నాయి.

సగానికి లాగి
దిగాను.