డ్రాపౌట్

ఖుజంద్‌లో రాత్రి బడి.
హీటర్ పక్కన తడి బూట్లు ఆరుతున్నాయి.
ఫర్రూఖ్ మాస్టారు బోర్డు మీద
ఒక్కో ఇంగ్లీషు మాట దింపుతున్నాడు:
టర్మ్, మార్క్స్, పాస్, డ్రాపౌట్.

చివరి మాట దగ్గర
జులైఖో పెన్సిలు ఆగింది.
"డ్రాప్ అంటే జారిపడటమేగా సార్?

మా ఏడో తరగతి మొత్తాన్నీ
లారీలో పత్తి చేలకి తోలారు.
మంచు పడేదాకా ఏరాం.
ఒక్క దూదిపింజ కూడా
జారనివ్వలేదు నేను.
తిరిగొచ్చేసరికి
నా బెంచీలో ఇంకో పిల్ల."

మాస్టారు డస్టర్ తీశాడు.
తుడవలేదు.
చొక్కా చేతికంటిన సుద్దపొడిని
ఆమే లేచొచ్చి
దూది దులిపినట్టు
అలవాటుగా దులిపింది.

"ఇందులో పీ ఒకటా, రెండా సార్?
పరీక్షలో అడుగుతారు కదా."