చేపకూన

ముందు గొట్టం చూడమంటాడు ఎవడైనా.
చూశాను. మెలిక లేదు.
గోడకీ యంత్రానికీ మధ్య నా మోచెయ్యి ఇరుక్కుంది కానీ
నీళ్ళు ఇరుక్కున్నది అక్కడ కాదు.

మళ్ళీ మీట నొక్కాను.
కింద పంపు మూలిగింది,
ముసలాడు కుర్చీలోంచి లేవబోయి
వద్దులే అని కూలబడ్డట్టు
ఆగిపోయింది.

గాజు తలుపు వెనక బూడిదరంగు నీళ్ళు, సగానికి.
అందులో నా తెల్లచొక్కా
చేతులు చాపి నెమ్మదిగా తిరిగి బోర్లాపడింది.
నాకున్న తెల్లచొక్కా అదొక్కటే.
రేపు పదింటికి ఫ్రానేని పూడుస్తారు.
లోపల నీళ్ళుండగా తలుపు తెరుచుకోదు.
అది దాని నియమం. మంచి నియమమే, మామూలు రోజుల్లో.

"మెకానిక్కుని పిలు" అంది తోన్‌కా, టార్చి పట్టుకుని.
ముప్ఫై ఎనిమిదేళ్ళు స్ప్లిట్ రేవు ఫెర్రీల్లో
ఇంజను గది అడుగున నీళ్ళు తోడించినవాణ్ణి!
ఓడలో చేరిన నీళ్ళకి దారి చూపించకపోతే
ఏమవుతుందో తెలిసినవాణ్ణి!
అన్నాను. గట్టిగానే అన్నాను.
"అయితే ఇదీ ఓడే అనుకో" అంది.
"మునుగుతున్నది నీ చొక్కా."

ప్లగ్గు పీకాను. (గుర్తుచేసింది తనే.)
కింద మూలన చిన్న మూత, దాని వెనక వడపోత.
బకెట్టు పట్టదు, అంత కిందకుంది.
సార్డీన్లు కాల్చే పళ్ళెం పెట్టాను.
మూత పావు మలుపు తిప్పితే కారింది;
నిండకముందే బిగించాలి, పారబోయాలి, మళ్ళీ తిప్పాలి.
పద్నాలుగు పళ్ళేలు నేను లెక్కపెట్టాను.
పదిహేనోది నా సాక్సులు లెక్కపెట్టాయి.
కింది అంతస్తు పెరినా వెంటిలేషన్ సందులోంచి అరిచింది:
"యెర్కో, ఇల్లు కడుగుతున్నావా, సముద్రం తెస్తున్నావా?"

వడపోత బయటికొచ్చింది, తడిసిన పిల్లిలా,
ఒళ్ళంతా నూలుపోగుల బొచ్చుతో.
ఒక గుండీ. ఒక జుట్టుపిన్ను.
ఒక ఆలివ్ గింజ, ఎవరి జేబుదో ఎవరూ ఒప్పుకోలేదు.
ఇంతేనా అనుకుని వేలు లోపలికి పోనిచ్చాను.
పంపు రెక్కకి అడ్డంగా, పలచగా, చల్లగా ఏదో.
గోరుతో లాగాను.

రెండు కూనల బిళ్ళ.
మీద ట్యూనా చేప.

ఆ డబ్బు చెల్లడం మానేసి ఏళ్ళయింది.
బేకరీలో ఇస్తే పిల్ల నవ్వుతుంది.
చెల్లేది ఒక్క చోటే: గురువారాలు,
ఫ్రానే వంటింటి బల్ల మీద, బ్రిష్కులా ఆటలో.
"యూరో మీద చేప ఏదిరా?" అనేవాడు,
"చేప లేని డబ్బుతో నేనాడను."
ఓడితే మా పాత చీఫ్ ఇంజనీరు
బిళ్ళని బల్ల మీద పెట్టడు,
నా చొక్కా జేబులో తనే వేసి
జేబు మీద రెండుసార్లు తట్టేవాడు,
మీటరు ముల్లు అంటుకుపోతే తట్టినట్టు.
పోయిన గురువారం నేనే గెలిచాను.

"జేబులు చూశానన్నావ్" అంది తోన్‌కా.
నేనేం అనలేదు.
టార్చి వెలుగు కాసేపు బిళ్ళ మీదే ఉండి
తర్వాత నేల మీది తడి మీదకి జరిగింది.

వడపోత కడిగి పెట్టాను. మూత బిగించాను. ప్లగ్గు. మీట.
పంపు ఈసారి మూలగలేదు,
గొంతు సవరించుకుని పనిలోకి దిగింది.
గుడగుడమని నీళ్ళన్నీ గోడలోకి పోతుంటే
చెవి ఆనించి విన్నాను, వెనకటి అలవాటు:
నీళ్ళు అయిపోయి గాలి తగిలే ఆ గరగర వినేదాకా
పంపు దగ్గర్నించి కదలకూడదు.
నేర్పింది ఎవరో చెప్పక్కర్లేదు.

టక్. తలుపు తెరుచుకుంది.

రాత్రి పదకొండింటికి వీధి మీది తీగకి చొక్కా ఎక్కించాం,
కప్పీ కిర్రుమంది.
బూరా వీస్తే గంటలో ఆరేది.
వీచింది యూగో, దక్షిణపు గాలి, తడి మూట.
నీళ్ళని యంత్రం వదిలింది, గాలి వదల్లేదు.

పొద్దున చొక్కా చల్లగానే ఉంది.
కోటు వేసి కప్పేశాను.
కాలరు మెడకి తగిలినప్పుడల్లా
ఒళ్ళు జలదరించింది, ప్రార్థన మధ్యలో కూడా.

బిళ్ళ? యంత్రం నెత్తిన పెట్టి మరిచాను.
ఇంటికొచ్చాక తోన్‌కా దుప్పట్లు వేసింది.
పిండే వేగానికి యంత్రం ఊగుతుంటే
చేప ఒక్కో అంగుళం ఈదుకుంటూ
అంచుదాకా వచ్చింది.