దశాంశ బిందువు తర్వాత

పదకొండు మ్యాచ్‌లు. ఎనిమిది పాయింట్లు.
థార్న్‌బెక్ బోర్డు గదిలో హీటర్ పనిచెయ్యదు.
కోటు విప్పకుండానే కూర్చుంది మిసెస్ ఆర్మరాడ్.
"పిల్లింగ్‌ని ఉంచాలా, పంపాలా?
ఒక్క ముక్కలో చెప్పు."

ఒక్క ముక్కలో చెప్పడానికా
లీగు మొత్తం మీద మూడు వేల షాట్లు చూశాను?
ఎవరు, ఎక్కణ్ణుంచి, ఏ కాలితో,
బంతికీ గోలుకీ మధ్య ఎన్ని మోకాళ్లు అడ్డం,
ఒక్కోదానికీ ఒక అంకె వేశాను.
సున్నా పాయింట్ సున్నా ఏడు అంటే
అదే చోట నిలబడి వందమంది తంతే
ఏడుగురి ఇళ్లలో పండగ.

ఆ లెక్కన పిల్లింగ్ జట్టు
పదిహేడు గోల్స్ కొట్టాలి. కొట్టింది తొమ్మిది.
మిగతా ఎనిమిదీ ఏమయ్యాయంటే
రెండు అడ్డకర్రకి తగిలాయి,
అవతలి గోల్‌కీపర్
జన్మకొక్కసారి ఎగిరే ఎగురు మా మీదే ఎగిరాడు,
ఒకటి మా కెప్టెన్ వీపుకే కొట్టుకుని బయటికి పోయింది.
తక్కినవి చెప్పలేను.
వానలో పోయాయి.

"అదృష్టం బాలేదంటావు" అంది.
టైల్స్ అమ్మే మనిషి. పగిలిన పెట్టెకి
అదృష్టం బాలేదని రసీదు రాయదు.

"ఇంకో పది మ్యాచ్‌లు ఆగండి."
పది మ్యాచ్‌లంటే రెండు నెలలు.
రెండు నెలలు ఆగడం ఎలాగో
నా పట్టికలో ఏ గడిలోనూ లేదు.

కిటికీ అవతల పిల్లింగ్
ప్లాస్టిక్ కోన్లు ఏరుతున్నాడు,
పెళ్లి భోజనాలయ్యాక గ్లాసులు దొంతర పెట్టినట్టు
ఒకదాంట్లో ఒకటి దూరుస్తూ.
అతనికి నేనంటే గిట్టదు.
"నీ కంప్యూటర్ ఎప్పుడైనా బురదలో పడిందా?"
క్యాంటీన్‌లో అందరి ముందూ అన్నాడు.
వేసవిలో నేను వద్దన్నా తెచ్చుకున్నాడు
ఫారో దీవుల కుర్రాణ్ణి, బార్దుర్‌ని.
డెబ్భయ్యో నిమిషం దాటితే వాడి పరుగు
సగానికి పడిపోతుందని గ్రాఫ్ గీసి చూపించాను.
ముసలి స్కౌట్ హేస్లమ్ తన నోట్‌బుక్ నా వైపు తిప్పాడు.
పెన్సిల్‌తో ఒకటే వాక్యం:
"పాస్ ఇచ్చాక నిలబడి చూడడు."

నిజమే. దానికి నా దగ్గర గడి లేదు.
ఆ రాత్రి ఒకటి చేర్చాను:
పాస్ ఇచ్చిన మూడు సెకన్లలో ఎంత కదిలాడు?
జట్టులో అందరికన్నా ఎక్కువ.
డెబ్భై తర్వాత సగం. అదీ నిజమే.
రెండు నిజాలూ ఒకే కుర్రాడి కాళ్లలో.
హేస్లమ్‌కి చెప్తే
"ఆహా" అని టీలో బిస్కెట్ ముంచుకున్నాడు.

సోమవారం పిల్లింగ్‌ని పంపేశారు.

కొత్తాయన వచ్చాడు. తోలు జాకెట్, గట్టి కరచాలనం.
అదే పదకొండుమంది, అవే షాట్లు,
అటూ ఇటూగా అవే అంకెలు.
ఈసారి అడ్డకర్రకి తగిలినవి లోపలికి పడ్డాయి.
ఆరింట్లో ఐదు గెలుపులు.
పేపర్లో మాంత్రికుడన్నారు.
కాకి వాలిన క్షణానే తాటిపండు రాలితే
కాకికి మూడేళ్ల కాంట్రాక్టు రాసిచ్చారు.

నేనేమీ అనలేదు. నాకూ నెలజీతమే.

అంకెలకి గుండె లేదంటారు. లేదు, సరే.
గుండె ఉన్నవాళ్లంతా ఆ శనివారం స్టాండ్‌లో నిలబడి
పిల్లింగ్‌ని ఇంటిపేరు పెట్టి తిట్టారు.
బోర్డు గదిలో అతని వైపు మాట్లాడింది
ఆవగింజంత చుక్క ఒక్కటే.
అతని మొహం ఎప్పుడూ చూడనిది,
అందుకే అతని మీద కోపం లేనిది.

వెళ్లే రోజు కారు దగ్గర
ప్రింటు తీసిన కాగితం చేతికిచ్చాను.
"పదిహేడా?" అన్నాడు.
"పదిహేడు పాయింట్ రెండు."
రెండుసార్లు చదివాడు.
తర్వాత దాన్ని వెనక సీటు మీద పరిచి
బురద బూట్లు దాని మీద పెట్టుకున్నాడు.