ఆటోనగర్ లెవెన్

మా టీముకి పదకొండు మందీ
ఒక్కసారే కుదిరారు.
మిగతా అన్నిసార్లూ ఎవడో ఒకడు
నాగ్‌పూర్ లోడు మీద ఉండేవాడు.

స్టంపులు మూడూ విరిగిన యాక్సిల్ రాడ్లు.
బెయిల్సు లేవు.
ఠంగుమంటే అవుట్,
అంపైరుకి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

లారీ బాడీల పెయింటరు మస్తాన్‌వలి
బనీన్ల వీపున పేర్లు రాశాడు,
అలవాటు కొద్దీ
కీపరు ఏసోబు పేరు కింద
‘సౌండ్ హారన్’ అని కూడా.
ఉతికినా పోలేదది.
ఏసోబూ చెరపమనలేదు.

పటమట కాలేజీ కుర్రాళ్లు
మా చేతుల్లో ఓడి, షేక్‌హ్యాండిచ్చి
చేతులు ప్యాంట్లకి తుడుచుకున్నారు.
తెల్ల ప్యాంట్లు.
ఆ గ్రీజు ఎన్ని సబ్బులు తిన్నదో!

రెండు వేసవులు, అంతే.
మూడో వేసవికి పిచ్ మీద
టైర్ల గోడౌను లేచింది.
దానికి వాచ్‌మన్
మా లెగ్ స్పిన్నరు కోటిలింగమే.

స్కోరు రాసేవాణ్ణి నేను,
లేతు షెడ్డు బిల్లుబుక్కులో.
ఆఖరి పేజీ మొన్న దొరికింది.
నలభై మూడుకి నాలుగు,
క్రీజులో ఏసోబు, పక్కన ఒక చుక్క.
ఆట ఎందుకాగిందో గుర్తులేదు.
ఆ కిందే, అదే పెన్సిలుతో,
నా రాతే:
క్లచ్ ప్లేట్లు రెండు,
బాకీ.